ముత్తాత ఏ దఫ్తరంలో ఉన్నాడు?

డర్బన్ నుంచి వచ్చిన ఆ పెద్దావిడ చేతిసంచి విప్పి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక జిరాక్సు కాగితం బయటికి తీశారు. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయిన కాగితం. బల్ల మీద పరిచి అరచేత్తో రెండుసార్లు సాపు చేశారు. డెబ్బై దాటిన మనిషి. పేరు చివర నాయుడు అని ఉంటుంది. తెలుగులో మాట్లాడలేరు గానీ రామభజన పాటలు నోటికొచ్చు. అడగాల్సిందంతా ఇంగ్లీషులో అడిగి, చివర మాత్రం "బాబూ" అన్నారు. వాళ్ల నాయనమ్మ అలాగే అనేదట.

ఆ కాగితం ఆవిడ ముత్తాతది. 1890ల్లో మద్రాసు రేవులో ఆయన్ని ఓడ ఎక్కించినప్పటి జాబితాలోంచి ఒకే ఒక్క వరుస.

"మాది ఒడిశా అని ఇంట్లో అంటారు. మా అన్నయ్య రెండుసార్లు అక్కడికి వెళ్లి వెతికొచ్చాడు. ఎవరూ దొరకలేదు. ఒడిశా వాళ్లమైతే ఇంట్లో తెలుగు పాటలెందుకు పాడుకుంటాం, బాబూ?"

వరుసలో జిల్లా గడి చూశాను. 'గంజాం' అని ఉంది. పక్కన తాలూకా గడిలో 'చికాకోల్'. ఆవిడ ప్రశ్నకు సగం జవాబు ఆ రెండు మాటల్లోనే ఉంది. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం. 1936లో ఒరిస్సా విడి రాష్ట్రం అయ్యేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనిదే. విడిపోయినప్పుడు జిల్లా పేరు అటు వెళ్లింది, తెలుగు తాలూకాలు ఇటు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం సొంత జిల్లా అయింది. ఇవాళ కంప్యూటర్లో గంజాం అని కొడితే ఒడిశా మ్యాపే వస్తుంది. వాళ్ల అన్నయ్య వెతికిన జిల్లా పేరులో తప్పేమీ లేదు. ఆ పేరు ఎవరు, ఏ ఏడాది రాశారన్నది ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

ఊరు గడిలో ఉన్నదాన్ని మాత్రం ఆ రోజు నేనూ పోల్చుకోలేకపోయాను. వెతికి చెబుతానని మాటిచ్చాను. మొదటి రెండు నెలలూ నేను చేసింది అందరం చేసేదే. సెర్చ్ పెట్టెలో పేరు కొట్టడం, రాకపోతే ఇంకోలా కొట్టడం. వేల ఫలితాలు వచ్చేవి, లేకపోతే ఒక్కటీ వచ్చేది కాదు. ఆ తర్వాతే, ఆర్కైవ్స్ వాళ్లు తమ రికార్డులకు రాసిపెట్టిన గైడ్లు చదవడం మొదలుపెట్టాను. పని అక్కడి నుంచి కదిలింది.

పది షిల్లింగుల ఒప్పందం

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అప్పుడది నటాల్ అనే బ్రిటిష్ వలస రాజ్యం. చెరకు తోటలకు కూలీలు కావాలి. పది రోజులకు కలకత్తా నుంచి 'బెల్వెడీర్' వచ్చింది. అలా 1911 దాకా వెళ్లినవాళ్లు 1,52,184 మంది. అందులో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లే. తమిళ జిల్లాల వాళ్లతో పాటు గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు జిల్లాల వాళ్లూ, అప్పట్లో ఉత్తర ఆర్కాటులో ఉన్న చిత్తూరు వైపు వాళ్లూ ఆ ఓడల్లో ఉన్నారు. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆ తర్వాత ఏడాదికో షిల్లింగు పెంపు. 'ఎగ్రిమెంటు' అనే మాట కూలీల నోట్లో నలిగి 'గిర్మిట్' అయింది.

ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. దాన్ని కలోనియల్ నంబరు అనేవారు. ఆ నంబరు పక్కన మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఆ తర్వాత ఏ తోట యజమానికి అప్పగించారో రాశారు. చివర్న రిమార్కుల గడి. కొందరికి అందులో తిరిగి వెళ్లిన ఓడ పేరు ఉంటుంది, కొందరికి చనిపోయిన తేదీ ఉంటుంది, చాలామందికి ఏమీ ఉండదు. ఈ జాబితాలను డర్బన్‌లోని క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో ఉన్న గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్ కంప్యూటర్‌కెక్కించి అందరికీ అందుబాటులో పెట్టింది. చరిత్రకారుడు సురేంద్ర భానా ఈ ఓడ జాబితాలనే ఆధారం చేసుకుని 1991లో ఒక పుస్తకం అచ్చేశారు. దక్షిణాఫ్రికా తెలుగువాళ్లు తమ మూలాలు వెతకాలంటే ముందుగా తట్టే తలుపు ఇదే.

పెద్దావిడ కాగితంలో ఒంటి గుర్తుల గడిలో ఎడమ కాలి పిక్క మీద మచ్చ అని ఉంది. ఆ గడి ఎందుకు పెట్టారు? మనిషి తోట వదిలి పారిపోతే పట్టుకోవడానికి. ఎత్తు ఎందుకు? ఒకరి బదులు ఇంకొకర్ని ఎక్కించకుండా. తండ్రి పేరూ అందుకే. ఇంత వివరంగా రాసిన జాబితాలో మన తెలుగువాడికి ముఖ్యమైనది ఒకటి లేదు. ఇంటిపేరు. గుమాస్తాకు అది అక్కర్లేదు, నంబరుంది కదా. నాయుడు అన్న మాట అక్కడ ఇంతమందికి ఇంటిపేరై కూర్చోవడంలో ఈ గడి లేకపోవడానికీ పాత్ర ఉందని నా నమ్మకం.

ఆ గడులన్నీ అలా చూస్తూ కూర్చుంటే అసలు సంగతి బోధపడింది. ఈ కాగితం మనకోసం పుట్టలేదు. ఒక ఆఫీసు తన పని చేసుకుంటూ రాసుకున్నది. దాని పని ఏమిటో తెలిస్తేనే అందులో ఏముంటుందో, ఏముండదో, దాని తోబుట్టువులు ఎక్కడున్నాయో తెలుస్తుంది.

ఏ ఫసలీ? ఏ నంబరు లెక్క?

మా చిన్నప్పుడు ఊళ్లో కరణం గారింట్లో, వసారా పక్క గదిలో, ఎర్రగుడ్డల్లో కట్టిన బస్తాలు వరసగా ఉండేవి. ఎవరైనా వచ్చి "బాబుగారూ, మా తాత భూమి సంగతి కాస్త చూడండి" అంటే ఆయన లేచేవారు కాదు. "ఏ ఫసలీ? సర్వే నంబరెంత? అడంగల్ కావాలా, పదో నంబరు లెక్క కావాలా?" అని అడిగేవారు. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడాది. అడగడం రానివాడికి ఆ గదిలో ఏమీ దొరికేది కాదు. తాత పేరుతో అక్కడ బస్తా లేదు మరి. సాలు వారీగా, లెక్క వారీగా ఉన్నాయి. తాత వాటన్నిట్లోనూ ముక్కలు ముక్కలుగా ఉన్నాడు.

ప్రపంచంలో ఏ ఆర్కైవ్స్ అయినా ఆ గదిలాంటిదే. గ్రంథాలయంలో పుస్తకాలను విషయం చూసి సర్దుతారు. ఆర్కైవ్స్‌లో కాగితాలను పుట్టించిన ఆఫీసు ప్రకారం, ఆ ఆఫీసు పెట్టుకున్న వరసలోనే ఉంచుతారు. ఆ వరస చెదిరితే ఏ ఉత్తరానికి ఏది జవాబో తెలియకుండా పోతుంది. 'తెలుగు కూలీలు' అనే అర అందుకే ఎక్కడా ఉండదు. గైడ్ అనేది, లేకపోతే సూచిక అనేది, కరణం గారి స్థానంలో కూర్చుని మనతో మాట్లాడే కాగితం. ఫలానా ఆఫీసు ఏ ఏడాది పుట్టింది, ఏ పనులు చూసింది, ఏ ఏడాది ఏ శాఖలో కలిసింది, దాని కాగితాలు ఎన్ని సంపుటాలు, ఏ వరసలో ఉన్నాయి, మధ్యలో ఏ ఏళ్లవి లేవు అని చెబుతుంది. పది పేజీల పొడి వాక్యాలు. వాటిని దాటేసి నేరుగా సెర్చ్ పెట్టెకు పోతాం. నేనూ అలాగే పోయి రెండు నెలలు పోగొట్టుకున్నాను.

ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ సంగతి చూడండి. 1891లో కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్‌గా మొదలైన సంస్థ అది. దాని 'అభిలేఖ్ పటల్' పోర్టల్ 2015లో వచ్చింది. ఇంట్లో కూర్చుని కాగితాల వివరాలు, చాలావాటి స్కాన్లు కూడా చూడొచ్చు. అక్కడ సముద్రం దాటి వెళ్లిన కూలీల కాగితాలు ఏ శాఖలో ఉంటాయి? 1871లో ఏర్పడిన రెవెన్యూ, వ్యవసాయ, వాణిజ్య శాఖలో 'ఎమిగ్రేషన్' అని ఒక బ్రాంచి పెట్టారు. 1905లో అది వాణిజ్య, పరిశ్రమల శాఖకు వెళ్లింది. 1920ల్లో విద్య, ఆరోగ్య, భూముల శాఖ చూసింది. 1941లో ప్రవాస భారతీయులకంటూ విడిగా శాఖ పెట్టారు. పని ఒక్కటే, ఇల్లు మూడుసార్లు మారింది. 1908 నాటి ఓడ సంగతి రెవెన్యూ శాఖలో వెతికేవాడికి శూన్యం కనబడుతుంది, కాగితం లేదనుకుని లేచిపోతాడు.

ఇంకో చిన్న సంగతి. ఆ కాగితాల మీద 'ఎ', 'బి' అని ప్రొసీడింగ్స్ ఉంటాయి. ముఖ్యమనుకున్నవి 'ఎ'లో పెట్టి అచ్చు వేయించారు, మామూలువనుకున్నవి 'బి'లో చేతిరాతగా ఉంచేశారు. అచ్చయినవి ప్రతులు ప్రతులుగా లండన్‌కూ వెళ్లాయి. ఏది ముఖ్యమో నిర్ణయించింది ఆనాటి సెక్రటరీ. విధానాలు, చట్టాలు, నటాల్ ప్రభుత్వంతో వాదోపవాదాలు ఆయనకు ముఖ్యం. ఒక కూలీ భార్య తన మొగుడి జాడ చెప్పమని పెట్టుకున్న అర్జీ మామూలు సంగతి. కుటుంబాల కథ వెతికేవాళ్లు 'బి'ని వదిలిపెట్టకూడదు.

ఒక ఫిర్యాదు పుట్టించిన దఫ్తరం

కాగితం ఎలా పుడుతుందో చెప్పడానికి నాకు తెలిసినంతలో దీనికి మించిన కథ లేదు. నటాల్‌కు కూలీల రవాణా 1866లో ఆగింది. 1871లో మొదటి కూలీల్లో కొందరు గడువు తీరి 'రెడ్ రైడింగ్ హుడ్' అనే ఓడలో మద్రాసుకు తిరిగొచ్చారు. రేవులో దిగి ఊరుకోలేదు. కొరడా దెబ్బలు తిన్నామని, జీతాలు ఎగ్గొట్టారని, ఇస్తామన్నవి ఇవ్వలేదని అధికారుల ముందు చెప్పుకున్నారు. వాళ్లు చెప్పిందంతా రాసుకున్నారు.

ఆ వాంగ్మూలం మద్రాసు ప్రభుత్వానికి వెళ్లింది. అక్కడి నుంచి భారత ప్రభుత్వానికి, అక్కడి నుంచి లండన్‌కు, లండన్ నుంచి నటాల్ గవర్నరుకు. జవాబులు అదే దారిన వెనక్కి వచ్చాయి. సంగతి తేలేదాకా కూలీలను పంపేది లేదని భారత ప్రభుత్వం పట్టుబట్టింది. 1872లో నటాల్‌లో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. కొరడా దెబ్బలు నిషేధించారు. వలస వచ్చిన భారతీయుల రక్షణకని ఒక అధికారిని పెట్టారు. 1874లో ఓడలు మళ్లీ కదిలాయి.

ఒక్క ఫిర్యాదు నాలుగు చోట్ల కాగితమైంది. చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రభుత్వ ప్రొసీడింగ్స్‌గా ఉంటుంది. ఢిల్లీలో ఎమిగ్రేషన్ బ్రాంచిలో ఉంటుంది. లండన్ శివార్లలోని క్యూలో బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ నటాల్‌తో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల వరస పేరు 'సీఓ 179'. ఇక దక్షిణాఫ్రికాలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్. అక్కడి సూచికలో ఆ భాండాగారానికి 'ఎన్ఏబీ' అని, వలస భారతీయుల వ్యవహారాలు చూసిన ఆఫీసు కాగితాలకు 'ఐఐ' అని గుర్తులు. మద్రాసు ప్రతిని చెదలు తినేసినా క్యూ ప్రతి బతికి ఉండొచ్చు. ఒకచోట లేదంటే నిరాశ పడనక్కర్లేదని చెప్పడానికే ఈ నాలుగు చిరునామాలూ రాశాను.

ఆ 'ఐఐ' వరసను తలుచుకుంటే నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. రక్షణాధికారి అనే పదవి ఉంది గనకే తర్వాతి నలభై ఏళ్లు కూలీలు ఆయన ముందుకొచ్చి చెప్పుకున్నారు. రేషన్ బియ్యం తక్కువ తూచారని, జబ్బు చేసినా పనికి లాగారని, భార్యను వేరే తోటకు పంపారని. వాటిలో న్యాయం జరిగినవి తక్కువే, అది నిజం. కానీ చెప్పుకున్నది కాగితమై మిగిలింది. చదువురాని మనుషుల మాట, దుబాసీ నోటిమీదుగా, గుమాస్తా కలంమీదుగా, ఎంత వడగట్టినా ఇంకా వినబడుతూనే ఉంది. 1871లో మద్రాసు రేవులో నోరు తెరిచిన ఆ కొద్దిమందే ఈ దఫ్తరానికి కారకులు.

దీనికి పూర్తి విరుద్ధంగా బర్మా ఉంది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లతో పోలిస్తే నటాల్ వెళ్లినవాళ్లు కొద్దిమందే. రంగూన్‌లో తెలుగువాణ్ని 'కొరంగీ' అని పిలిచేవారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుతో. ఇన్ని లక్షల మందికి మనిషికో వరుస ఉన్న జాబితా ఎందుకు లేదు? 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే, అక్కడికి వెళ్లడం పరదేశానికి పోవడం కింద లెక్క కాదు. పైగా తీసుకెళ్లింది మేస్త్రీ, అప్పు అతనిది, పూచీ అతనిది. సర్కారుకు అమలు చేయాల్సిన ఒప్పందం లేదు, అందుకే పేరు రాసుకోలేదు. కట్టుబానిసలా వెళ్లినవాడి పిక్క మీది మచ్చ కూడా కాగితంలో ఉంది, టిక్కెట్టు కొనుక్కుని స్టీమరెక్కినవాడి పేరైనా లేదు. రంగూన్ తాతల కోసం వెతికేవాళ్లు జనాభా లెక్కల సంపుటాలు, పాత పత్రికలు చూడాలి. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించింది. పేర్లు దొరకడం కష్టం, ఆ కాలం మాత్రం కళ్లకు కడుతుంది.

మారిషస్, ఫిజీ వెళ్లినవాళ్ల వారసులకు కొంత మేలు. మారిషస్‌లో మోకా ఊళ్లోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస రిజిస్టర్లను కాపాడుతోంది, కొంతకాలం వాటికి ఫొటోలూ ఉన్నాయి. ఆ రికార్డులు 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. ఫిజీ రికార్డులు 2011లోనే ఎక్కాయి. ఫిజీకి దక్షిణాది నుంచి ఓడలు 1903లో గానీ మొదలుకాలేదు గనక, అంతకు ముందు ఏళ్లలో తెలుగు తాతను వెతకడం దండగ.

గుమాస్తా చెవి

తిరిగి పెద్దావిడ కాగితానికి వద్దాం. ఊరి పేరు.

శ్రీకాకుళం వైపు పల్లెవాడు తన యాసలో చెప్పాడు. మద్రాసు డిపోలో విన్నవాడు బహుశా తమిళ గుమాస్తా. రాసింది ఇంగ్లీషులో. డర్బన్‌లో దాన్ని చూసి ఇంకొకడు నకలు దించాడు. నూరేళ్ల తర్వాత ఇంకెవరో ఆ చేతిరాత చదివి కంప్యూటర్లో కొట్టారు. నాలుగు చేతులు మారిన మాట అది. అప్పలస్వామి ఒకచోట 'అపల్సామి', ఒకచోట 'అపుల్సమ్మీ', ఇంకోచోట మొదటి అక్షరం ఎగిరిపోయి 'పల్సామి'. 'డు'తో ముగిసే పేర్లలో ఆ చివరి అక్షరం 'దు', 'ధూ', 'రూ'గా మారింది. సెర్చ్ పెట్టెకు ఇవన్నీ వేరువేరు మనుషులు.

నేను చేసిందేమిటంటే, ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ ఊరి పేరును గట్టిగా పైకి చదివాను. మొదట ఇంగ్లీషువాడిలా, తర్వాత తమిళుడిలా, తర్వాత మా శ్రీకాకుళం చుట్టాల్లా. మూడోసారికి చివరి ముక్క 'వుల్సా' కాస్తా 'వలస' అయింది. ఆ ప్రాంతంలో వలస అని ముగిసే ఊళ్లు కోకొల్లలు, ఎవరో ఎప్పుడో వలసొచ్చి కట్టుకున్నవి. (ఊరి పూర్తి పేరు ఇక్కడ రాయను. ఆ కుటుంబం వద్దంది.) పాత పేర్ల జాబితా ఒకటి దగ్గర పెట్టుకోవడం కూడా అవసరం. విజగపటం, బిమ్లిపటం, కొకనాడ, మసూలిపటం, ఎల్లోర్, కడప్పా. పాత కాగితాల్లో మన ఊళ్లు ఈ పేర్లతోనే తిరుగుతాయి. ఒంగోలు నెల్లూరు జిల్లాలో కనబడితే కంగారు పడొద్దు, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా అక్కడే ఉంది. తెలుగువాణ్ని 'జెంటూ' అని రాసిన రోజులూ ఉన్నాయి. 'తెలుగు' అని మాత్రమే వెతికేవాడికి ఆ పాత కాగితాలేవీ తగలవు.

తర్వాతి మెట్టు తాలూకా వారీగా ఊళ్ల పేర్లతో మద్రాసు ప్రభుత్వం అచ్చేసిన జాబితాలు. ఇలాంటివి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లుగా దొరుకుతున్నాయి. పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి గనక అనుమానమున్న అక్షరాలన్నిటి కిందా వేలు పెట్టి చూసుకుంటూ పోవడమే. ఒక సాయంత్రం పట్టింది. రెండు ఊళ్లు మిగిలాయి.

గైడ్ రాసినవాళ్లు

గైడ్లనగానే ఇదంతా తెల్లవాళ్ల విద్య అనుకోనక్కర్లేదు. కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాదిలో ఊరూరా సేకరించిన కైఫీయతుల (ఊళ్ల చరిత్రల) వెనక కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులున్నారు. 1803లో బొర్రయ్య పోయాక ఆ భారం లక్ష్మయ్య మోశాడు. ఎక్కడ ఏ తామ్రపత్రం ఉంది, ఏ కరణం దగ్గర ఏ కవిలె ఉంది అని మనుషుల్ని పంపి రాయించి తెప్పించింది వాళ్లే. మెకంజీ 1821లో చనిపోయాడు, 1828లో హెచ్.హెచ్. విల్సన్ అనే పండితుడు ఆ సంపద మొత్తానికీ కేటలాగు అచ్చేశాడు. శిథిలమవుతున్న తెలుగు సంపుటాలకు నకళ్లు రాయించిన పుణ్యం సి.పి. బ్రౌన్‌ది. ఇవాళ మన ఊరి కైఫీయతు చదవాలనుకునేవాళ్లు అడగాల్సిన ప్రశ్న కూడా పాతదే. ఇది ఎవరు చెప్పగా రాశారు, ఏ మాన్యం హక్కు నిలబెట్టుకోవడానికి చెప్పారు?

మద్రాసు రికార్డ్ ఆఫీసు 1930ల్లో గంజాం, విశాఖపట్నం, గోదావరి, మచిలీపట్నం, గుంటూరు, నెల్లూరు, కడప జిల్లాలకు విడివిడిగా గైడ్లు అచ్చేసింది. అన్నీ 1835తో ఆగిపోతాయి. ఏ కలెక్టరు ఏ ఏడాది ఏ సంగతి మీద రాశాడన్నది వాటిలో వరసగా దొరుకుతుంది. 1833 నాటి గుంటూరు కరువు మీద పనిచేసేవాళ్లు ఆ గుంటూరు సంపుటం తెరవకుండా చెన్నై రైలెక్కితే వారం రోజులు వృథా. మన కోస్తా, రాయలసీమ పాత రికార్డుల్లో పెద్దభాగం ఇప్పటికీ ఎగ్మూరులోనే ఉంది. నిజాం రాజ్యం సంగతులకైతే హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, అక్కడ ఫారసీ, ఉర్దూ వచ్చినవాళ్ల తోడు కావాలి.

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులు సుమారు 14 కిలోమీటర్ల అరల్లో ఉన్నాయి. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి, ఆ లైబ్రరీ ఆన్‌లైన్ కేటలాగు నెలల తరబడి మూతపడింది. కాగితాలు భద్రంగానే ఉన్నాయి, వాటికి దారి చూపే సూచిక మాయమైంది. అప్పటి నుంచి నాకొక అలవాటు. తెర మీద ఏది కనబడ్డా భాండాగారం పేరు, వరస గుర్తు, సంపుటం, పత్రం నంబరు, తేదీ, ఈ ఐదూ నోటు పుస్తకంలో కలంతో రాసుకుంటాను. లింకు చచ్చిపోవచ్చు, ఆ ఐదు ముక్కలు చూపిస్తే ఏ దేశంలోనైనా రీడింగ్ రూములో మనిషి లేచి వెళ్లి బస్తా తెస్తాడు.

ఈ గైడ్లన్నీ ఇంగ్లీషులో ఉండటం నన్ను బాధిస్తోంది. ఊరి చరిత్ర రాయాలనే తపన ఉన్న హైస్కూలు మాస్టార్లు, రిటైరైన తహసీల్దార్లు మన రెండు రాష్ట్రాల్లో వందల్లో ఉన్నారని నేను నమ్ముతాను. వాళ్లకు ఫసలీ లెక్క తెలుసు, ఊళ్ల పాత పేర్లు తెలుసు, యాస తెలుసు. అభిలేఖ్ పటల్‌లో 'ఎమిగ్రేషన్ బ్రాంచి' అని కొట్టాలన్న ఒక్క ముక్క తెలియదు. గంజాం అంటే ఏ ఏడాదికి ఏ ఊళ్లో చెప్పే పట్టిక, నాలుగు భాండాగారాల చిరునామాలు, శాఖలు మారిన ఏళ్లు, పేర్ల స్పెల్లింగులు ఒకచోట పెట్టి నలభై పేజీల తెలుగు గైడ్ తెస్తే చాలు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు ఇది ఒక వేసవి పని.

పెద్దావిడను తీసుకుని మిగిలిన రెండు ఊళ్లకూ వెళ్లాం. మొదటి ఊళ్లో సంగతి తేలలేదు. రెండో ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి, రామకోవెల అరుగు మీద నలుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. కాగితం చూపించి వచ్చిన పని చెప్పాం. అందరికంటే పెద్దాయన అంతా విని, ఆవిడ వంక చూసి అడిగాడు.

"ఇంటిపేరేటమ్మా మీది?"

నేను తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. ఆవిడ మౌనంగా తల అడ్డంగా ఊపారు. ముత్తాత తండ్రి పేరు అప్పన్న అని మాత్రం చెప్పారు.

"అప్పన్నంటే నానేటి సెప్తానమ్మా? సిమ్మాద్రప్పన్న పేరు. ఇంటికో అప్పన్న ఉన్నాడు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. రెండు నెలలుగా ఉత్తరాల్లో ఈ కరణాల కథా, ఫసలీల కథా ఆవిడకు రాస్తూనే ఉన్నాను. కాగితం మడిచి కవరులో పెట్టుకుంటూ, నెమ్మదిగా నాతో అన్నారు. "ఆయన్ని ఇది అడుగు బాబూ. ఫసలీ 1300 ప్రాంతంలో ఈ ఊరి లెక్కలు రాసిన కరణం గారి ఇల్లు ఏది?"

అడిగాను. పెద్దాయన తుండుగుడ్డ భుజాన వేసుకుని అరుగు దిగాడు. "రండి" అంటూ ముందు నడిచాడు.